రేపల్లె ప్యాసింజరులో కర్చీఫుల ఒప్పందం

కరోనా సెలవులు ముగిసి, ఆగిపోయిన ప్యాసింజరు బళ్లు ఒక్కొక్కటే మళ్లీ పట్టాలెక్కిన ఏడాది నన్ను బాపట్ల నుంచి తెనాలికి బదిలీ చేశారు. డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్ర విభాగాధిపతి హోదా. వినడానికి గంభీరంగానే ఉంటుంది గాని, ఆ విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే. అధిపతినీ నేనే, ప్రజలూ నేనే. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. కాపురం రేపల్లెలో కాబట్టి పొద్దున అక్కడ బండెక్కి తెనాలిలో దిగడం, సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం నా దినచర్య అయింది.

నేను చెప్పే పాఠాలన్నిట్లో నాకు ప్రాణమైనది అంతర్జాతీయ సంబంధాలు. అది ఐదో సెమిస్టర్‌లో వస్తుంది. మొదటి అధ్యాయంలోనే ఒక మాట పిల్లల్ని తికమక పెడుతుంది: అరాచకం. పేపర్లలో అరాచకం అంటే బస్సులు తగలబెట్టడం, కొట్లు దోచుకోవడం. మా శాస్త్రంలో అంత గొడవ లేదు. ఊరికి పోలీసు స్టేషనుంది, జిల్లాకు కలెక్టరున్నాడు, దేశాలకు మాత్రం పైన ఎవరూ లేరు. ఒక దేశం మాట తప్పితే వచ్చి చెయ్యి పట్టుకునే పోలీసు లేడు. ఆ లేకపోవడాన్నే మేం అరాచకం అంటాం. ఇంతవరకు పండితులందరూ ఒప్పుకుంటారు. తగువంతా ఆ తర్వాతే. పైన ఎవరూ లేనప్పుడు ఎవరి రక్షణ వాళ్లదే, పక్కవాడి మనసులో ఏముందో తెలియదు గనక బలం కూడగట్టుకోక తప్పదు, సహకారం ఉన్నా అది నాలుగు రోజుల ముచ్చటే అంటారు వాస్తవికవాదులు. పైన ఎవరూ లేకపోయినా రోజూ మొహాలు చూసుకోవలసినవాళ్లు నియమాలు పెట్టుకోగలరు, వాటివల్ల అందరూ బాగుపడగలరు అంటారు ఉదారవాదులు.

నేను పక్కా వాస్తవికవాదిని. చరిత్ర చెప్పే గ్రేస్ మేడం పక్కా ఉదారవాది. ఆవిడా రేపల్లె మనిషే, లూథరన్ కుటుంబం, ఆదివారం చర్చిలో క్వైర్ నడిపిస్తారు. మేమిద్దరం ఒకే పెట్టెలో ఎక్కి తెనాలి దాకా వాదించుకుంటూ వెళ్లేవాళ్లం. మా వాదనకు అలవాటుపడిన పిల్లలు, "ఇవాళ ఎవరు గెలిచారు సార్?" అని ప్లాట్‌ఫారం మీద అడిగేవాళ్లు. ఆ ఏడాది మా వాదన పుస్తకంలోంచి లేచి మా కళ్లముందే, మా పెట్టెలోనే నడిచింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు.

కర్చీఫు వేయడం అంటే మన వైపు విడమరచి చెప్పనక్కర్లేదు. బండి ఆగీ ఆగకముందే కిటికీ కమ్ముల మధ్యలోంచి చెయ్యి దూర్చి సీటు మీద కర్చీఫు పడేస్తే ఆ సీటు మనది. ఏ రైల్వే చట్టంలోనూ ఈ మాట లేదు. టీసీ పట్టించుకోడు, గార్డుకు సంబంధం లేదు. అయినా ముక్కూ మొహం తెలియనివాడు కూడా ఆ గుడ్డముక్కను చూసి పక్కకు పోతాడు. ప్రపంచంలో అరాచకం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది!

మా పెట్టెలో విద్యార్థులు రెండు జట్లు. రేపల్లె జట్టుకు నాయకుడు మనోజ్, నా క్లాసు కుర్రాడే. బండి బయలుదేరేది వాళ్ల ఊళ్లో కాబట్టి పొద్దున సీట్లన్నీ వాళ్లవే. వేమూరు, జంపని పిల్లలు ఎక్కేసరికి నిలబడడానికే చోటుండేది. సాయంత్రం లెక్క తిరగబడేది. వేమూరు జట్టులో ఎక్కువమంది బీకాం వాళ్లు, వాళ్లకు చివరి పీరియడు ఉండదు. ముందుగా తెనాలి స్టేషనుకు చేరి పెట్టెంతా కర్చీఫులు పరిచేవాళ్లు. పొద్దున నిలబెట్టినవాళ్లను సాయంత్రం నిలబెట్టడం వాళ్లకు పండగ.

మొదట మనిషికొక కర్చీఫు ఉండేది. తర్వాత జాగ్రత్త కోసం రెండు తెచ్చుకున్నారు. అవతలివాళ్లు రెండు తెచ్చారని ఇవతలివాళ్లు మూడు తెచ్చారు. కర్చీఫులు చాలక నోటుపుస్తకాలు, టిఫిన్ బాక్సులు, ఒకరోజు ఒక చెప్పు కూడా వేశారు. ఎవరూ కూర్చోని సీట్ల పక్కన ఆడవాళ్లు, పెద్దవాళ్లు నిలబడి ప్రయాణం చేసే స్థితి వచ్చింది. దీన్ని మా వాళ్లు భద్రతా సందిగ్ధం అంటారు. నేను నా రక్షణకని కూడబెట్టిన బలం నీకు బెదిరింపుగా కనబడుతుంది, నువ్వూ కూడబెడతావు, చివరికి ఇద్దరికీ ఉన్న భద్రత కూడా పోతుంది. నేను ఉత్సాహం పట్టలేక, "చూశారా మేడం, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు!" అన్నాను. ఆవిడ నా వైపు కోపంగా చూసి, "ముందు ఆ చెప్పు తీయించండి సార్" అన్నారు.

ఒకరోజు వేమూరు దాటాక తోపులాట జరిగింది. తలుపు దగ్గర నిలబడ్డ శిరీష చేతిలోంచి బ్యాగు జారి పట్టాల పక్కన పడింది. ఆ పిల్ల కమ్మీ పట్టుకోబట్టి సరిపోయింది. శిరీష వేమూరు అమ్మాయి, నా క్లాసులో అందరికన్నా చురుకైనది. ఒక ప్రశ్న అడిగితే రెండు ప్రశ్నలతో జవాబు చెప్పే రకం. మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు. హాజరు కొంచెం తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు, మరీ తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. నేను వాళ్ల నాన్న సాంబయ్య గారికి ఫోన్ చేశాను. ఆయన వరి, మినుము వేసే రైతు.

"రైల్లో కొట్లాటలంట గదండీ. పిల్లకి ఏమన్నా అయితే మీరొస్తారా అండీ?" అన్నారు. హాస్టలు సంగతి ఎత్తితే ఇంటిదగ్గర తల్లికి బాగుండదు, కుదరదన్నారు. నేను బతిమాలితే చివరికి ఒక మెట్టు దిగారు. "మీ మాట మీద పంపిస్తానండి. ఇంకోసారి గొడవైందని నా చెవిన పడిందంటే ఆ రోజుతో సరి. మళ్లీ ఫోన్ చెయ్యొద్దండి."

అప్పటిదాకా వినోదంగా చూసిన ఆట మీద ఇప్పుడు ఒక పిల్ల చదువు ఆధారపడి ఉంది.

మర్నాడు రెండు జట్లనూ నా క్లాసుగదికి పిలిచాను. బీకాం వాళ్లను పంపమని వాళ్ల విభాగాధిపతిని అడిగి ఒప్పించాను. టీచింగ్ డైరీలో 'ప్రయోగాత్మక బోధన' అని రాశాను. పిల్లలు నన్ను అధ్యక్షత వహించమన్నారు. నేను ఒప్పుకోలేదు. పైన అధ్యక్షుడుంటే అది అరాచకం ఎలా అవుతుంది? నేనూ గ్రేస్ మేడం వెనక బెంచీలో కూర్చుని నోళ్లు కట్టేసుకున్నాం. మా ఇద్దరికీ అంతకన్నా కష్టమైన పని మరొకటి లేదు.

గంటసేపు అరుపులే. అప్పుడు శిరీష లేచి బోర్డు మీద ఒక గీత గీసింది. ఒక చివర రేపల్లె, ఒక చివర తెనాలి, మధ్యలో వేమూరు. "మనం కొట్టుకునేదంతా ఈ ముక్క కోసమే" అని వేమూరు నుంచి తెనాలి దాకా గీత మీద మళ్లీ గీసింది. "పొద్దున ఈ ముక్కలో మేం నిలబడుతున్నాం. సాయంత్రం ఇదే ముక్కలో మీరు నిలబడుతున్నారు. వేమూరు దాటాక సీట్లు ఖాళీయేగా మీకు?"

ఆ తర్వాత మనోజ్ అడిగినది వినగానే నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. "సరే, ఇద్దరికీ లాభమే. కానీ పొద్దున మేం ముందే ఎక్కి కూడా కొన్ని సీట్లు వదులుకోవాలి. మీరు సాయంత్రం వదులుకున్నా కాసేపట్లో దిగిపోతారు. ఎవరికి ఎక్కువ పోతోంది?" వాస్తవికవాదుల గుండెకాయ లాంటి ప్రశ్న ఇది. నాకెంత వచ్చిందన్నది కాదు, నాకన్నా నీకెంత ఎక్కువ వచ్చిందన్నదే దేశాల దిగులంటారు వాళ్లు. దాన్నే సాపేక్ష లాభం అంటారు. నేను గర్వంగా మేడం వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

శిరీష తడుముకోలేదు. "ఎక్కువెవరికో తేలేదాకా ఆగితే నాకు డిగ్రీ పోతుంది. నీకేం పోతుంది మనోజ్?" అంది. మనోజ్ తల దించుకున్నాడు. ఒప్పందం కుదిరింది. పొద్దున పెట్టెలో చివరి రెండు వరసలు రేపల్లె జట్టు ముట్టుకోదు. సాయంత్రం మొదటి రెండు వరసలు వేమూరు జట్టు ముట్టుకోదు. మిగిలినవి ఎవరు ముందు వేస్తే వాళ్లవి. మనిషికి ఒకటే కర్చీఫు, చెప్పులు నిషిద్ధం.

మర్నాడు పొద్దున రేపల్లెలో నేను ముందుగానే స్టేషనుకు చేరాను. మనోజ్ చివరి రెండు వరసల దగ్గర నిలబడి తల గోక్కుంటున్నాడు. వేమూరుకు ముందే వచ్చే భట్టిప్రోలులో ఎక్కే జనానికి మా ఒప్పందంతో ఏం పని? ఖాళీ సీటు కనబడితే కూర్చుంటారు. గంటసేపు మాట్లాడుకున్నవాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు, వెనక బెంచీలో కూర్చున్న ఇద్దరు పండితులతో సహా. మనోజ్ అప్పటికప్పుడు తన జట్టువాళ్ల దగ్గర ఉన్న కర్చీఫులు పోగుచేసి ఆ రెండు వరసల్లో పరిచేశాడు, వేమూరు వాళ్ల కోసం కాపలాగా.

వేమూరు వచ్చింది. ఆ కుర్రాళ్లు కిటికీల వెంట పరిగెత్తుతూ లోపలికి చూశారు. వాళ్లకు కనిపించింది ఏమిటి? తమకిస్తామన్న సీట్ల మీద రేపల్లె కర్చీఫులు!

"చూశావంట్రా! వేసేశారు!" అని ఒకడు అరిచాడు. లోపలికి దూకి, దొరికిన కర్చీఫును దొరికినట్టు కిటికీలోంచి బయటికి విసిరారు. "మీకోసమేరా వేసింది!" అని మనోజ్ గొంతు చించుకున్నాడు. "మాకోసమైతే మీ గుడ్డలెందుకు వేస్తార్రా!" అని వాళ్లు కాలర్ పట్టుకున్నారు. నేను లేచి, సర్వీసులో నేర్చుకున్న గద్దింపులన్నీ గద్దించాను. ఒక్కడూ వినలేదు.

శిరీష సీటు మీదికెక్కి నిలబడి, "ఆగండి ముందు!" అని అరిచింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మనోజ్, నువ్వు అబద్ధం చెప్పట్లేదని నేను నమ్ముతా. కానీ మాకోసం వేసిన కర్చీఫు, మామీద వేసిన కర్చీఫు కిటికీలోంచి చూస్తే ఒకేలా ఉంటాయి. మాకెట్టా తెలుస్తది?"

మనోజ్ కాలర్ మీది చెయ్యి జారింది. ఎన్నో ఏళ్లుగా నేను బోర్డు మీద రాసి అండర్‌లైన్ గీసిన వాక్యం అది. ఉద్దేశాలు కంటికి కనబడవు, కనబడేది ఆయుధమొక్కటే. ఆ పిల్ల దాన్ని కర్చీఫు పెట్టి చెప్పేసింది.

ఆ సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద దారి కూడా తనే చూపించింది. "మా కర్చీఫులు మీకిచ్చేస్తాం. పొద్దున మా సీట్ల మీద మావే వెయ్యండి. మీవి మాకివ్వండి, సాయంత్రం మీ వరసల్లో మేం వేస్తాం." వేమూరు కుర్రాడొకడికి చీరాలలో బట్టల వ్యాపారం చేసే మేనమామ ఉన్నాడు. ఆయన్ను అడిగి నీలం గళ్ల గుడ్డ ఒక తాను తెచ్చి ముక్కలు చేశారు. రేపల్లె వాళ్లు ఎర్రవి కొన్నారు. ఇక కిటికీలోంచి చూస్తే ఏ వరస ఎవరిదో అందరికీ తెలిసిపోయేది. భట్టిప్రోలు జనం కూడా నీలం గుడ్డ చూసి పక్కకు జరిగేవాళ్లు.

గుడ్డలు మారిన మొదటి రోజంతా నాకూ గ్రేస్ మేడంకూ ఒకటే వాదన. నియమాలున్న సంస్థ చేసే పని ఇదే, ఎవరేం చేస్తున్నారో అందరికీ తెలిసేలా చేస్తుంది, భయం తగ్గుతుంది అన్నారు మేడం. నేను ఒప్పుకోలేదు. వాళ్ల గుడ్డలు వీళ్ల దగ్గర, వీళ్ల గుడ్డలు వాళ్ల దగ్గర ఉన్నాయి, అవి జామీనులు, భయమే ఈ పెట్టెను నడుపుతోంది అన్నాను. ఎదురుసీట్లో కూర్చున్న పెద్దావిడ మా ఇద్దర్నీ కాసేపు చూసి, "ఏదైతే ఏంటండి, కూర్చోడానికి చోటు దొరికింది" అని కళ్లు మూసుకుంది.

కానీ కాలర్లు పట్టుకున్న సంగతి అప్పటికే సాంబయ్య గారి చెవిన పడింది. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన కూతురితో పాటు వేమూరు ప్లాట్‌ఫారం మీద కనిపించారు. తెనాలిలో ఎరువుల కొట్లో పనుందట. అసలు పని పెట్టెలో గొడవ ఎంతుందో కళ్లారా చూడడమేనని నాకు తెలుసు. శిరీష మొహంలో నెత్తురు చుక్క లేదు.

మనోజ్‌కు ప్రతి స్టేషన్లో కిందికి దిగి నాలుగడుగులు వేసి రావడం అలవాటు. తన సీటు మీద ఎర్ర కర్చీఫు వేసి దిగాడు. సాంబయ్య గారు బండి ఆగగానే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్నట్టే, భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి లోపలికి పడేశారు. అది సరిగ్గా ఆ ఎర్ర కర్చీఫు మీద పడింది. ఎక్కి వచ్చి దర్జాగా కూర్చున్నారు.

మనోజ్ వచ్చి చూశాడు. ఆయనెవరో తెలుసు గనక ఏమీ అనలేక నిలబడ్డాడు. అతని వెనక రేపల్లె కుర్రాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. "ఇవాళ నాన్నగారు, రేపు మావయ్య. ఒప్పందం ఏంటి మరి?" చివరి వరసల్లో వేమూరు కుర్రాళ్లు మోచేతులతో పొడుచుకుంటూ, "మన బాబాయ్ కూర్చున్నాడ్రా. లేపమను చూద్దాం" అంటున్నారు. గొడవైతే ఆ పిల్ల చదువు ఆయన కళ్లముందే ఆగిపోతుంది. గొడవ కాకుండా మనోజ్ సర్దుకుపోతే ఒప్పందానికి నూకలు చెల్లినట్టే. నాలుగు రోజుల్లో మళ్లీ తోపులాటలు, అప్పుడైనా ఆగిపోయేది ఆ చదువే. గ్రేస్ మేడం చీర కొంగు నలిపేస్తున్నారు.

శిరీష తన నీలం వరసలోంచి లేచి వచ్చింది. "నాన్నా, తువ్వాలు తియ్యి. ఆ సీటు మనది కాదు."

"నేను ముందేశానుగా?" అన్నారాయన.

"దాని కింద చూడు."

ఆయన లేచి తువ్వాలు ఎత్తారు. కింద ఎర్ర గుడ్డ. పెట్టెలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. "నాన్నని లేపుతావటే?" అన్నారు నెమ్మదిగా. కోపమో ఆశ్చర్యమో నాకు అర్థం కాలేదు.

"లేపాలి నాన్నా. వీళ్లు మా సీట్లు వదులుతున్నారు, మేం వీళ్ల సీటు వదలాలి. నువ్వెళ్లి నా సీట్లో కూర్చో, నేను నిలబడతా."

మనోజ్ కంగారుగా, "పర్లేదు బాబాయ్ గారూ, మీరే కూర్చోండి" అన్నాడు. శిరీష అతని వైపు తిరిగి, "నువ్వు కూర్చో" అంది. అతను కూర్చున్నాడు. ఆ పూట అతను చేయగలిగిన మంచి పని అదే. సాంబయ్య గారు వెళ్లి కూతురి సీట్లో కూర్చున్నారు. ఆ పిల్ల తెనాలి దాకా కమ్మీ పట్టుకుని నిలబడింది. రేపల్లె జట్టులో మరి ఎవరూ నోరెత్తలేదు. వేమూరు జట్టులో ఎవరూ నవ్వలేదు.

తెనాలిలో దిగాక ఆయన నా దగ్గరకొచ్చారు. "ఏం పాఠం చెబుతున్నారండి మా పిల్లకి?"

"దేశాల మధ్య సంబంధాలండి."

"దేశాల సంగతి నాకు తెలవదు గానీ, నన్ను మాత్రం లేపిందండి." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "ఇంకెంతుందండి ఈ చదువు?"

ఈ సెమిస్టరు కాక ఇంకొకటి ఉందని చెప్పాను. "కానివ్వండి" అని ఆయన ఎరువుల కొట్టు వైపు నడిచారు. నేను పట్టలేని సంతోషంతో అక్కడే నిలబడిపోతే, క్లాసుకు టైమైందని మేడం గుర్తు చేయవలసి వచ్చింది.

శిరీష డిగ్రీ పూర్తి చేసింది. నేను రిటైరయ్యేదాకా ఆ పెట్టెలో మళ్లీ కాలర్లు పట్టుకోలేదు. మధ్యలో రెండుసార్లు మాట తప్పిన సందర్భాలు వచ్చాయి. రెండుసార్లూ తప్పినవాణ్ణి లేపింది వాడి సొంత జట్టువాళ్లే.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది. పైన పోలీసు లేనిచోట ఒప్పందాలు ఎందుకు కూలిపోతాయో వాస్తవికవాదం బాగా చెబుతుంది. రోజూ కలుసుకునేవాళ్లు వాటిని ఎందుకు కోరుకుంటారో ఉదారవాదం బాగా చెబుతుంది. కుదిరిన ఒప్పందాన్ని అవతలిపక్షం ఎప్పుడు నమ్ముతుందో మాత్రం నేను ఆ పెట్టెలోనే చూశాను. సంతకాలు చూసి నమ్మరు, రంగులు చూసి సగమే నమ్ముతారు. దాని కోసం మన మనిషిని మనమే లేపి నిలబెట్టిన రోజున నమ్ముతారు.